లోపలికా, బయటికా

గదిలో ఉన్నవి ఇవి: ఊపిరి కొలిచే యంత్రం, దానికి కలిపిన కంప్యూటరు, ముక్కుకు పెట్టే క్లిప్పులున్న స్టీలు గిన్నె, వాడి పారేసే అట్ట గొట్టాల డబ్బా, గోడకు ఏసీ. ఉన్నవాళ్లం ముగ్గురం: భైంసా నుంచి వచ్చిన నలభై ఏళ్ల ఆవిడ, పత్తి వ్యాపారం చేసే ఆమె తమ్ముడు, యంత్రం నడిపే నేను. ఆమె చీటీ మీద ఆస్తమా అని రాసి ఉంది. ఆమె గొట్టాన్ని పెదవుల మధ్య బిగించి గట్టిగా ఊదింది, తర్వాత నేను చెప్పినట్టే గట్టిగా లోపలికి పీల్చింది. సరిగ్గా అప్పుడే ఏసీ చప్పుడు ఆగింది. ఆ కాస్త నిశ్శబ్దంలో ఒక కూత వినిపించింది. సన్నగా, ఈదురుగాలికి కిటికీ సందు పలికినట్టు. అది ఛాతీలోంచి వచ్చింది కాదు, మెడలోంచి వచ్చింది.  ఆమెను రెండు ప్రశ్నలు అడిగి, డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆమెను అక్కడికి పంపించాను. తర్వాతి మనిషి ఇంకా రాలేదు. ఖాళీ గదిలో కూర్చుంటే మా ఓదెలు సార్ గుర్తుకొచ్చారు. ఆ కూతను నేను మొట్టమొదట విన్నది ఆయన గొంతులోనే.

కరీంనగర్‌కు గంట దూరంలో ఉన్న సాంచాల ఊరు మాది. మరమగ్గాలను మా దగ్గర సాంచాలు అంటారు. మా గల్లీలో ఏ ఇంటికైనా కింద సాంచాల షెడ్డు ఉంటుంది, పైన సంసారం ఉంటుంది. పొద్దున మొదలైన చప్పుడు ఆగదు. మా వాళ్లు ఫోన్లో మాట్లాడినా, ముద్దు చేసినా, తిట్టినా ఒకే గొంతు, గట్టి గొంతు. షెడ్డు లోపల మాట పనికిరాదు కాబట్టి చేతులతో చెప్పుకుంటారు. అన్నం తిన్నవా, షెడ్డు ఆసామి వచ్చిండు, పోగు తెగింది, అన్నిటికీ ఒక్కో సైగ ఉంది. బయటి ఊళ్లకు పోయినప్పుడు మమ్మల్ని చూసి జనం కొట్లాడుకుంటున్నామని అనుకుంటారు. ఓదెలు సార్ ఆ గల్లీలోనే, మా పక్కింట్లో పుట్టి, అక్కడి హైస్కూల్లోనే భౌతికశాస్త్రం చెప్పారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు చాక్‌పీసులు, అందుకే జేబు అడుగున తెల్లటి మరక. నవ్వించేవారు గానీ మెత్తని మనిషి కాదు. తప్పు చెప్పినవాణ్ణి ఏమీ అనేవారు కాదు, తొందరపడి చెప్పినవాణ్ణి మాత్రం వదిలేవారు కాదు.

మా బడి ప్రహరీకి ఆనుకుని ఒక షెడ్డు ఉండేది. తొమ్మిదో తరగతిలో ఒకరోజు పాఠం మధ్యలో అక్కడి సాంచ ఒకదాని చప్పుడు మారింది. సార్ చెప్పేది ఆపేసి మా వైపు తిరిగారు.

"ఏం వినపడ్డదిరా?"

"సాంచ ఖరాబైంది సార్" అన్నాను. మా బాపు సాంచాల మీద పనిచేస్తాడు కాబట్టి ఆ మాట చెప్పే హక్కు నాదేనని నా ధీమా.

"వచ్చిండు జడ్జి సాబ్" అన్నారు సార్. క్లాసంతా నవ్వింది. "ఖరాబైంది అన్నది తీర్పు. నేను తీర్పు అడగలే. నీ చెవుల ఏం పడ్డదో గది చెప్పు."

"ఇంతసేపు ఒక్క తీరుగ కొడుతుండె సార్. ఇప్పుడు నడుమ నడుమ సాగుతున్నది."

"అన్ని దెబ్బలకా, ఒకటి ఇడిచి ఒకటికా?"

మళ్లీ విన్నాను. క్లాసంతా చెవులు రిక్కించింది. "ఒకటి ఇడిచి ఒకటికి సార్." పోగును అటూ ఇటూ మోసే నాడె మా ఊళ్లో పిల్లలందరికీ తెలుసు. అందుకని నాకు నేనుగా మరో మాట కలిపాను. "నాడె ఒక దిక్కు మంచిగనే పోతున్నది. మర్లి వచ్చేటప్పుడు ఆలస్యమైతున్నది."

"ఇగ చూడు" అన్నారు సార్. "ఖరాబైంది అని చెప్తే బాగుచేసేటోడు ఏడికెల్లి మొదలుపెట్టాలె? ఒక దిక్కు మంచిగుంది, ఇంకో దిక్కు లేదు అని చెప్తే వానికి సగం పని తప్పింది. పేరు ఎప్పుడన్న పెట్టొచ్చు జడ్జి సాబ్. ముందు సాక్ష్యం చెప్పు." ఆ రోజు నుంచి ఆ బళ్లో నా పేరు జడ్జి సాబ్. అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం మేము. మా అవ్వ కూడా కొన్నాళ్లు అట్లాగే పిలిచింది.

ఇంటర్ అయిపోయిన ఏడు మా బాపు నన్ను దుబాయికి పంపే ఏర్పాట్లలో ఉన్నాడు. మా పెద్దనాన్న కొడుకు అప్పటికే అక్కడ ఉన్నాడు, వీసా సంగతి మాట్లాడుతున్నాడు. ఒక ఆదివారం సార్ మా ఇంటికి వచ్చి గడప మీదనే కూర్చున్నారు. లోపలికి రమ్మంటే రాలేదు. "పోరడు పోతడట గద" అన్నారు. "అందరు పోతున్నరు గద సార్, ఈడేమున్నది" అన్నాడు బాపు. "పోనీ. నేనెందుకు వద్దంట? ఏం చేతబట్టుకోని పోతడో గది అడుగుతున్న. ఉత్త చేతుల తోని పోతే బరువులు మోపిస్తరు. ఒక పని చేతికొచ్చినంక పోతే కుర్చీ ఏస్తరు."  లేచేముందు సార్ నా వైపు చూసి, "మిషిన్లంటే నీకు చెవి ఉన్నది. గా చెవిని సాంచాలకు ఇయ్యకు" అన్నారు. ఆ నెలలోనే హైదరాబాదులో బయోమెడికల్ డిప్లొమాలో చేరాను. ఆసుపత్రి యంత్రాలు బిగించడం, బాగుచేయడం దాని చదువు. దుబాయి సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నేను చివరి సంవత్సరంలో ఉండగా సార్‌కు బైపాస్ రోడ్డు మీద బండి ప్రమాదం జరిగింది. పెద్ద ఆసుపత్రిలో ఉన్నారని, బతికి బయటపడ్డారని మాత్రమే నాకు ఫోన్లో చెప్పారు. సెలవులకు వచ్చేసరికి ఆయన ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు, నుదుటి మీద కుట్ల గీత తప్ప మార్పేమీ లేదు. ఏం జరిగిందని అడగబోతే ఆయన భార్య లలిత పెద్దవ్వ నా చేయి పట్టి లోపలికి తీసుకుపోయింది. మా అవ్వ ఆమెను అక్కా అంటుంది కాబట్టి నాకు ఆమె పెద్దవ్వ. "వేములవాడ పోయి కోడెను కట్టి వచ్చినం బిడ్డా. మొక్కు ముట్టింది. ఇగ గా మాట నోట్లె నుంచి రావద్దు" అంది. మా దిక్కు ఆ పద్ధతి ఉంది. గండం గడిచి, వేములవాడ గుడిలో కోడెను కట్టి మొక్కు చెల్లించాక ఆ గండం పేరు ఎత్తరు. పేరు ఎత్తితే అది విని మళ్లీ వస్తుందని భయం. గల్లీలో అందరూ ఆ మాట పాటించారు. ఎవరైనా చెప్పక తప్పకపోతే "అప్పుడు" అనేవారు. అందరికీ అర్థమయ్యేది.

రెండు నెలలు గడిచాక సార్‌కు ఆయాసం మొదలైంది. మొదట మెట్లెక్కుతుంటే వచ్చేది. తర్వాత బోర్డు మీద రాస్తూ మాట్లాడుతుంటే వచ్చేది. దానికి పేరు పెట్టడానికి మా గల్లీకి అర నిమిషం కూడా పట్టలేదు. దమ్ము. మా దగ్గర ఉబ్బసానికి ఆ మాటే. సార్ వాళ్ల బాపు జీవితమంతా సాంచాల దూది పీల్చి దమ్ముతోనే పోయారు. కరీంనగర్‌లో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వెంట నేనూ ఉన్నాను. అప్పటికి ఆ ఊళ్లోనే వైద్య పరికరాలు అమ్మే దుకాణంలో పనిలో చేరాను. డాక్టరు తాపీగా అన్నీ అడిగారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అంటే, బాపుకు ఉండె అన్నారు సార్. ఇంటి దగ్గర దుమ్ము ఉంటుందా అంటే, సాంచాల మీదనే ఇల్లు అన్నారు. ఇంతకుముందు పెద్ద జబ్బేదైనా, ఆసుపత్రిలో ఉండటం గానీ? "ఏం లేదు సార్, మంచిగనే ఉండె" అంది పెద్దవ్వ. సార్ కూడా ఆ మాట సరిదిద్దలేదు. ఆయనకు ఆ రోజుల జ్ఞాపకమే లేదు. బండి మీద బయలుదేరింది గుర్తుంది, వార్డులో కళ్లు తెరిచింది గుర్తుంది, మధ్యలోది లేదు. ఆ మూడు జవాబులు విన్నవారెవరైనా ఆస్తమా అనే రాస్తారు. ఆయనా అదే రాశారు.

పీల్చే మందు ఇచ్చారు. తగ్గకపోయేసరికి ఆవిరిలా మందు పట్టే నెబ్యులైజర్ మా దుకాణం నుంచి నేనే తీసుకెళ్లి, ఎట్లా వాడాలో చూపించాను. పట్టినంతసేపు "జర నయం అనిపిస్తున్నది" అనేవారు సార్. గంట గడిస్తే మళ్లీ అంతే. మందు పెంచారు, మాత్రలు కలిపారు. మాత్రలు వేసుకున్న వారం కొంత తెరిపిగా ఉండేది, ఆపగానే మొదటికి వచ్చేది. గల్లీ పెద్దలు కూర్చుని తేల్చింది ఏమంటే, కింద సాంచాలు ఆడుతుంటే ఏ మందూ పనిచేయదు, గాలి మార్చాలి అని. సార్ తమ్ముడు శంకరయ్య ఉట్నూర్‌లో ఆశ్రమ పాఠశాల వార్డెను. "మా కాడ అడవి గాలి. నెల రోజులు ఉంటే దమ్ము గిమ్ము ఏం ఉండది" అని వచ్చి అన్నను, వదినను తీసుకుపోయాడు. గల్లీలో అందరం జీపు దాకా వచ్చి సాగనంపాం. మందుల నుంచి, డాక్టర్ల నుంచి అంత దూరం పోతున్నారన్న దిగులు నాకు ఒక్కడికే ఉన్నట్టుంది. అందరి ముఖాల్లో నిశ్చింత కనబడింది.

రెండు వారాల తర్వాత మందులు పట్టుకుని నేను ఉట్నూర్ వెళ్లాను. శంకరయ్య ఇల్లు ఊరి చివర, వెనకాల పత్తిచేను, ఆ వెనక టేకు చెట్లు. "చూసినవా, గాలి పడ్డది అన్నకు. గీ పదిహేను దినాలల్ల ఒక్కనాడు ఆయాసం అనలే" అన్నాడు శంకరయ్య, సంతోషంగా. నేను చుట్టూ చూశాను. ఆ ఇంటికి మెట్లు లేవు. బడి లేదు, బోర్డు లేదు. సార్ పొద్దున మంచం మీద నుంచి లేచి వరండాలో కుర్చీలో కూర్చుంటారు, సాయంత్రం కుర్చీ నుంచి మంచానికి వెళ్తారు. ఆయాసం రావడానికి అక్కడ పనేమీ లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక శంకరయ్య బడికి వెళ్లాడు. సార్ కుర్చీలోనే కునుకు తీశారు. పక్కన గడప మీద నేను కూర్చున్నాను. ఎక్కడా ఏ చప్పుడూ లేదు. అప్పుడు విన్నాను. ఆయన ఊపిరి లోపలికి తీసుకున్న ప్రతిసారీ సన్నని కూత. వదిలినప్పుడు దాదాపు ఏమీ లేదు. గొంతు కింద, రెండు ఎముకల నడుమ గుంటలో చర్మం ఆ కూతతోపాటే లోపలికి లాక్కుపోతోంది.

ఏళ్ల తరబడి పక్క ఇంట్లో ఉన్న మనిషి ఊపిరి నేను అప్పటిదాకా వినలేదు. మా గల్లీలో ఎవరి ఊపిరీ ఎవరికీ వినబడదు. ఆస్తమా కూత సాధారణంగా వదిలేటప్పుడు ఎక్కువగా ఉంటుందని, ఛాతీ నుంచి వస్తుందని మాకు డిప్లొమాలో ఒక్క పూట చెప్పారు. వెంటిలేటర్ల పాఠంలో గొట్టం ఎక్కువ రోజులు ఉంటే శ్వాసనాళం లోపల రాపిడికి పుండు పడి, అది మానుతూ మచ్చకట్టి బిగుసుకుంటుందని కూడా చెప్పారు. ఆ రెండూ ఇప్పుడు గుర్తొచ్చాయి. నేను డాక్టర్ను కాను. చూసింది ఒక్క మధ్యాహ్నం. నాది తప్పయితే, కుదుటపడిన మనిషిని ఎగుడు దిగుడు దారిలో వంద కిలోమీటర్లకు పైగా లాక్కుపోయినవాణ్ణి అవుతాను. తప్పు కాకపోతే, రోజురోజుకీ సన్నబడుతున్న దారి మీద ఆయన బతుకు ఆధారపడి ఉంది, మేము ఆయన్ను తెచ్చి అడవి అంచున కూర్చోబెట్టాం. రెంటిలో ఏది నిజమో తెలియాలంటే నాకు ఒక్క సంగతి తెలియాలి. అది తెలిసింది పెద్దవ్వకే.

ఆమె పెరట్లో పప్పు చెరుగుతోంది. పక్కన కూర్చుని, "పెద్దవ్వా, అప్పుడు సార్‌కు గొంతులకెల్లి పైపు ఏసిండ్రా?" అన్నాను.

చేట ఆగింది. "గా మాట ఎందుకు బిడ్డా ఇప్పుడు?"

"పని పడ్డది."

"నేను చెప్ప. ఒట్టు పెట్టుకున్న. కోడెను కట్టి చెప్పిన దేవునికి, ఇగ తలువ అని."

ఆమె ముఖం చూస్తే ఒత్తిడి చేయాలనిపించలేదు. అట్లాగని లేచి పోలేను. ఏం చేయాలో తెలియక చేతులు కదిలించాను. అది మా షెడ్డుల అలవాటు. అప్పుడు తట్టింది. "పెద్దవ్వా, నువ్వు మాట్లాడకు. నేను అడుగుత. అవునంటే తల ఊపు. నీ ఒట్టు నోటికి గద."

ఆమె చేట పక్కన పెట్టింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పైపు ఏసిండ్రు."

తల ఊపింది.

"ఒక్క రోజు కాదు. ఎక్కువనే."

ఊపింది.

"వారం కన్న ఎక్కువ."

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఊపింది.

సార్ లేచాక చెప్పడం అంతకన్నా కష్టమైంది. "దమ్ము కాదేమో సార్" అన్నాను. ఆయన చిరాకుపడ్డారు. "మా బాపుకు దమ్మే. నాకు దమ్మే. డాక్టర్ కూడ గదే రాసిండు. నువ్వు కొత్త పేరు తెచ్చినవా?" ఒక్కో మాటకూ నడుమ ఆగి గాలి తీసుకుంటున్నారు. "పేరు దొరికినంక మనిషికి జర నిమ్మలం ఉంటదిరా. గంతదూరం మల్ల ఎవలు తిరుగుతరు? మల్ల దవఖాన, మల్ల మంచం. వద్దు." ఆయన భయపడటం నేను అప్పుడే మొదటిసారి చూశాను.  ఆయన కుర్చీ దగ్గరికి జరిగి, "పేరు తేలే సార్. చెవుల పడ్డది చెప్త, అంతే. మీరు ఊపిరి తీస్తుంటే కూత వస్తున్నది" అన్నాను.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తర్వాత ఆ ముఖంలోకి క్లాసు గదిలోని సార్ వచ్చారు. "లోపలికి పోయేటప్పుడా, బయటికి వచ్చేటప్పుడా?"

"లోపలికి సార్."

"తీసినప్పుడల్లనా?"

"తీసినప్పుడల్ల."

ఆయన కళ్లు మూసుకుని, చెవులకు అరచేతులు అడ్డం పెట్టుకుని, మెల్లగా గాలి పీల్చారు. వదిలారు. మళ్లీ పీల్చారు. చాలాసేపు అట్లా చేశారు. చేతులు దించాక నవ్వబోయారు, దగ్గు వచ్చింది. "నిజమేరా" అన్నారు. "నా ఊపిరి నాకు ఎన్నడు వినపడలే. ఇంట్ల సాంచాలు, బళ్లె పోరగాండ్లు. ఈడికొచ్చినంక వినాల్నన్న సోయే లేదు." తర్వాత వేలితో గొంతు మీద కిందికి రాస్తూ, "పైపు ఏడనో దగ్గరపడ్డది. మెత్తటి పైపు నోట్లె పెట్టుకోని గుంజితే ఆని గోడలు ఆనుకుంటయి చూడు, గట్ల. ఊదితే తెరుచుకుంటది" అన్నారు. అది చెప్పేటప్పుడు ఆయన గొంతులో భయం లేదు. నాకైతే అప్పుడే భయం పెరిగింది. నేను చెప్పింది ఆయన కాదంటారని ఎక్కడో ఆశపడ్డాను.

పొద్దున బయలుదేరుదామనుకున్నాం. రాత్రి వాన పడి చల్లబడింది, సార్‌కు జలుబు పట్టింది. తెల్లారేసరికి కూత వరండాలో నిలబడినా వినిపిస్తోంది. శంకరయ్యకు ఇంకా మనసొప్పలేదు. "గాలి మంచిగ పడుతుంటే మల్ల ఆ దుమ్ములకు తోలుకపోతరా?" అన్నాడు. సార్ చేయి ఎత్తి ఆపారు. "శంకరా, నువ్వు సుత జడ్జివేనా" అన్నారు. అంతకన్నా పెద్ద మాట మాట్లాడటానికి ఆయనకు గాలి చాలలేదు. శంకరయ్య వెళ్లి జీపు పిలుచుకొచ్చాడు.

జన్నారం దాకా అడవి దారి. సార్ ముందు సీట్లో, ముందుకు వంగి, రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద ఆనించుకుని కూర్చున్నారు. వెనక్కి వాలితే ఊపిరి అందడం లేదు. మెడ కిందికి వంచినా అందడం లేదు. వెనక సీట్లో పెద్దవ్వ, శంకరయ్య, నేను. నేను నెబ్యులైజర్ ఒళ్లో పెట్టుకున్నాను, అది ఆ దారిలో పనిచేయదని తెలిసి కూడా. జీపు ఇంజను చప్పుడులో కూత వినిపించకపోతే తగ్గిందేమోనని సంతోషం, అంతలోనే ఊపిరే ఆగిపోయిందేమోనని భయం. ముందుకు వంగి ఆయన భుజం కదులుతోందో లేదో చూసేవాణ్ణి. డ్రైవరు మరాఠీ కలిసిన తెలుగులో, "ఫికర్ చెయ్యకు భావూ, గీ రోడ్డు నాకు ఎరికే" అని ఒకటి రెండుసార్లు అన్నాడు. గుంతలు వచ్చిన చోటల్లా బండిని నడిచేవాడి వేగానికి దించాడు. లక్షెట్టిపేట దాటాక సార్ నా చేతిని వెనక్కి అందుకుని పట్టుకున్నారు. వేళ్లు చల్లగా ఉన్నాయి. కరీంనగర్ వచ్చేదాకా వదల్లేదు.

డాక్టరు మమ్మల్ని వెంటనే లోపలికి రమ్మన్నారు. పాత చీటీ చూసి, "ఆస్తమా బాగా పెరిగినట్టుంది" అంటూ స్టెతస్కోపు తీశారు. సార్ తల అడ్డంగా ఊపారు.

"పేరు పక్కన పెట్టుండ్రి సార్" అన్నారు. ఆగారు. గాలి తీసుకున్నారు. "లోపలికి తీస్తే... కూత వస్తది. బయటికి ఇడిస్తే... రాదు." మళ్లీ ఆగారు. "ఆవిరి పట్టినా... తగ్గుతలేదు. మెడ వంచితే... ఎక్కువైతది." అంతే. నాలుగు మాటలు. ఇన్నేళ్లూ పిల్లల చేత చెప్పించిన పద్ధతిలో ఆయన తన సంగతి తాను చెప్పుకున్నారు.

డాక్టరు స్టెతస్కోపును ఛాతీ మీద పెట్టబోయి, మెడ మీద పెట్టారు. ఆయన ముఖం మారింది. "ఈయనకు ఎప్పుడైనా వెంటిలేటర్ పెట్టారా? గొంతులో గొట్టం?" అని అందరి వైపూ చూశారు. సార్ నా వైపు చూశారు. నేను పెద్దవ్వ వైపు చూశాను. నేనే చెప్పబోయి ఆగాను. అది ఆమె మోస్తున్న మాట. తల ఊపితే చాలు అనుకున్నాను. ఆమె ఊపలేదు. కొంగు తీసి నిలబడి, సాంచాల మీదుగా మాట్లాడే మా ఊరి గొంతుతో, ఆ చిన్న గది దద్దరిల్లేలా చెప్పింది.

"పెట్టిండ్రు సార్. లారీ గుద్దింది. పన్నెండు దినాలు పైపు మీదనే ఉండె."

చెప్పి కూలబడింది. ఏదో జరగబోతున్నట్టు సార్ ముఖాన్నే చూస్తూ కూర్చుంది. ఏమీ జరగలేదు. డాక్టరు ఎవరినీ నిందించలేదు. "ఈ ఒక్క మాట చాలమ్మా" అని అప్పటికప్పుడు ఆక్సిజన్ పెట్టించి, స్కానింగ్‌కు పంపి, హైదరాబాదుకు ఫోన్ చేశారు. స్వరతంతువుల కిందుగా, బొటనవేలు దూరాల్సిన దారి పెన్సిలంత కూడా లేదని తేలింది. అంబులెన్సు కదిలేముందు పెద్దవ్వ నా దగ్గరికి వచ్చి, "నేను చెప్పిన. ఆయనకేమన్న అయితే నాదేనా?" అని అడిగింది. చెప్పకపోతే ఏమయ్యేదో ఆమెకు అప్పుడు వివరించలేదు. "కాదు పెద్దవ్వా" అని మాత్రం అన్నాను.

హైదరాబాదులో ఆ దారిని బెలూనుతో వెడల్పు చేశారు. మూడు నెలలకు మళ్లీ బిగుసుకుంది, మళ్లీ చేశారు. ఆ తర్వాత మచ్చకట్టిన ముక్కను కోసి తీసేసి, పైభాగాన్నీ కిందిభాగాన్నీ కలిపి కుట్టారు. ప్రతిసారీ మేము బయట బెంచీ మీద కూర్చుని ఎదురుచూశాం. పెద్దవ్వ మళ్లీ ఏ మొక్కూ మొక్కలేదు. ఎందుకని అడిగితే, "మొక్కితే మల్ల చెప్పొద్దంటరు గద" అంది. సార్ బడికి తిరిగి వెళ్లారు, గొంతు మాత్రం బొంగురుపోయింది. సాంచాల మీదుగా వినబడేంత గట్టిగా ఇక మాట్లాడలేకపోయారు. మిగిలిన రెండేళ్ల సర్వీసూ పిల్లల్ని దగ్గరికి, తన చుట్టూ కూర్చోబెట్టుకుని పాఠం చెప్పారు. నేను ఊరికి వెళ్లినప్పుడు ఒకసారి ఆ క్లాసు కిటికీ దగ్గర నిలబడ్డాను. ముప్పై మంది పిల్లలు నోరు మూసుకుని ముందుకు వంగి వింటున్నారు. పిల్లలు అంత నిశ్శబ్దంగా ఉండటం ఆ ఊళ్లో నేను ఇంకెక్కడా చూడలేదు. రిటైరయ్యాక కొంతకాలానికి సార్ గుండెపోటుతో పోయారు. ఊపిరితో కాదు. చివరి రోజు పొద్దున కూడా మెట్లు దిగి వచ్చి మా బాపుతో చాయ్ తాగారట.

నేను దుకాణం మానేసి, ఈ ఆసుపత్రిలో ఊపిరి కొలిచే గదికి వచ్చాను. సార్ వల్లనే వచ్చానని ఎవరికీ చెప్పలేదు, కానీ అందుకే వచ్చాను. చీటీ మీద రాసిన పేరును నేను మార్చలేను, మార్చే పని నాది కాదు. గొట్టంలో గాలి పీల్చేటప్పుడు మనిషి మెడ దగ్గర చెవి పెట్టి వింటాను. వెంట వచ్చినవాళ్లను వరండాలోకి పిలిచి, ఎప్పుడైనా గొంతులో గొట్టం పెట్టారా అని అడుగుతాను. చెప్పడానికి ఇష్టపడని వాళ్లుంటారు. వాళ్ల పద్ధతిలోకి నేనే వెళ్లి అడుగుతాను. రాత్రి ఇంటికి పోయాక ఎవరినైనా సరిగా విన్నానా లేదా అని దిగులు పట్టుకుంటుంది. ఏ చిన్న కూతకైనా డాక్టరు దగ్గరికి తిప్పి పంపుతానని ఇక్కడి వాళ్లు నన్ను ఆటపట్టిస్తారు. వాళ్లు అనేదాంట్లో నిజం ఉంది. ఆస్తమా అని రాసి వచ్చినవాళ్లలో, ఇవాళ్టి భైంసా ఆవిడ కాక, అనుమానపడి నేను అట్లా తిప్పి పంపింది ఇప్పటిదాకా పదకొండు మందిని. వాళ్లలో తొమ్మిది మందికి ఉన్నది ఆస్తమానే.